ఫాదర్ యాకోబు సినిమాలో లెయిలాకు క్షమాపణ ఎప్పుడు దొరికింది?

మీరు అడిగినవి ముందుగా ఒకసారి చెప్పుకుందాం. ఫిన్లాండ్ సినిమా ‘లెటర్స్ టు ఫాదర్ జేకబ్’ చూశారు. విశ్వాసం, ప్రేమ, విమోచన గురించి ఎంతో బాగా తీశారని విని చూశారు. తీరా చూస్తే లెయిలా ఒక్కసారి కూడా మోకరించి ప్రార్థన చేయలేదు, దేవుణ్ణి క్షమించమని అడగలేదు. పైగా కళ్ళు లేని ఆ ముసలి పాదిరిగారిని ఖాళీ చర్చిలో ఒంటరిగా వదిలేసి వచ్చేసింది. మరి ఆమెకు విమోచన ఎక్కడ జరిగింది? ఆయన విశ్వాసం చివరికి ఓడిపోయినట్టే కదా? దీన్ని మా సంఘంలో యువతకు చూపించవచ్చా?

నేను గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగాను. పాస్టరుగా పనిచేశాను, జైలు పరిచర్యలో చాలా ఏళ్ళు తిరిగాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను. ముగింపుతో సహా కథంతా చెప్పాల్సి వస్తుంది, కాబట్టి సినిమా చూడనివాళ్ళు చూశాక చదవండి. నిడివి 74 నిమిషాలే.

ఇది 2009లో వచ్చింది. దర్శకుడు క్లౌస్ హారో. యానా మక్కోనెన్ రాసిన కథ ఆధారంగా ఆయనే స్క్రీన్‌ప్లే రాసుకున్నారు. లెయిలాగా కారీనా హజార్డ్, పాదిరి యాకోబుగా హెయిక్కి నౌసియాయినెన్, పోస్టుమాన్‌గా యుక్కా కెయినోనెన్ నటించారు. ఆ ఏడాది ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగానికి ఫిన్లాండ్ దీన్నే పంపింది. నామినేషన్ రాలేదు గానీ, 2010లో వాళ్ళ దేశపు యుస్సి అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. కథ 1970ల నాటిది. హత్య చేసి జీవిత ఖైదు పడిన లెయిలా పన్నెండేళ్ళ తర్వాత విడుదలవుతుంది. ఎక్కడో పల్లెలో, వాన వస్తే కురిసే పాతబడిన పాదిరిగారి ఇంట్లో ఆమెకు పని దొరుకుతుంది. యాకోబుకు చూపు లేదు. ప్రార్థన చేయమంటూ జనం ఆయనకు ఉత్తరాలు రాస్తుంటారు. వాటిని చదివి వినిపించడం, ఆయన చెప్పిన జవాబు రాయడం, అదీ ఆమె పని. ‘ఫాదర్’ అన్న పేరు చూసి ఆయన్ని రోమన్ కాథలిక్ అనుకునేవాళ్ళు మనలో చాలామంది. ఆయన లూథరన్. ఈ సంగతి మీ ప్రశ్నకు చాలా అవసరం, ఎందుకో కింద చెబుతాను.

మొదటి సీనులో లెయిలా జైలు అధికారి ఎదురుగా కూర్చుని ఉంటుంది. క్షమాభిక్ష వచ్చిందని ఆయన చెబుతాడు. ఆమె ముఖంలో సంతోషం లేదు, ఆశ్చర్యం కూడా సరిగ్గా లేదు. క్షమాభిక్ష కోసం ఆమె అర్జీ పెట్టుకోలేదు. ఆ రోజుల్లో ఫిన్లాండ్‌లో జీవిత ఖైదీ బయటికి రావాలంటే ఉన్న దారి ఒక్కటే, దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాలి. కనీసం పన్నెండేళ్ళు పూర్తిచేసినవాళ్ళు హెల్సింకి అప్పీలు కోర్టుకు దరఖాస్తు చేసుకునే పద్ధతి 2006లో గానీ రాలేదు. అధ్యక్షుడు పెట్టే ఆ క్షమాభిక్ష, మన దగ్గర రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతి, 161 కింద గవర్నరు చేసే పని లాంటిదన్నమాట. అంటే ఎవరో ఒకరు పూనుకుని ఆమె తరఫున అడిగి ఉండాలి. ఆ ఎవరో యాకోబు అని మనకు సినిమా ఆఖరున తెలుస్తుంది.

మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడే ఉంది. లెయిలా అడగకముందే, మారకముందే, పశ్చాత్తాపపడకముందే ఆమె కోసం ఒకరు విజ్ఞాపన చేశారు, అది ఫలించింది కూడా. ఆమె జైలు గేటు దాటడమే ఆ కృప వల్ల. మిగిలిన సినిమా అంతా ఆ సంగతి ఆమెకు తెలియడానికి పట్టిన సమయం. మీరు వెతికినది సినిమా చివర్లో కనబడలేదంటే కారణం అది మొదట్లోనే జరిగిపోవడం.

మన మీటింగుల్లో సాక్ష్యం చెప్పే వరస అందరికీ తెలుసు. నేను ఇలాంటి పాపిని, ఫలానా రోజున మారుమనస్సు పొందాను, అప్పుడు ప్రభువు నన్ను క్షమించాడు. ఆ వరసకు అలవాటుపడి చూస్తే లెయిలా దగ్గర ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ పట్టుబట్టి చెప్పిన మాట వేరు. దేవుడు ముందు నడుస్తాడు, మనిషి వెనక వస్తాడు. రోమా పత్రిక ఐదో అధ్యాయంలో, మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడని పౌలు రాసిన మాటకు ఆయన అంత బరువు ఇచ్చాడు. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి మన ఆంధ్ర లూథరన్లు నేర్చుకుంటూ వచ్చిందీ, ఫిన్లాండ్‌లో యాకోబు లాంటివాళ్ళు నేర్చుకున్నదీ ఒకే ప్రశ్నోత్తరి, అంటే విశ్వాసాన్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే లూథర్ పుస్తకం. అందుకే ఆ సినిమాలో పాదిరి నాకు పరాయివాడిగా అనిపించడు.

ఇక ఆ ఉత్తరాల సంగతి. లెయిలాకు అవి పనికిమాలినవి. కొన్నింటిని పారేస్తుంది కూడా. యాకోబుకు మాత్రం పోస్టుమాన్ సైకిలు మీద వచ్చి, ఫాదర్ యాకోబుకు ఉత్తరాలు అని కేకేసే క్షణం కోసమే తెల్లారుతుంది. 1970లలో ఫిన్లాండ్ జనాభాలో పది మందికి తొమ్మిది మంది పైగా లూథరన్ సంఘ సభ్యులు. ఇవాళ మూడింట రెండు వంతులు కూడా లేరు. దేశమంతా సంఘంలో సభ్యత్వం ఉండి, ఆదివారం పూట బల్లలు మాత్రం ఖాళీగా ఉండే కాలం అది. అలాంటి చోట మనుషులు తమ బాధను ఎదుటపడి చెప్పుకోలేక, ముఖం కనబడని ఒక పాదిరికి కాగితం మీద రాసి పంపుకుంటున్నారు. మన దగ్గర ప్రార్థన అవసరతలు చీటీల మీద రాసి పంపిస్తారు చూడండి, ఫోన్లు వచ్చాక వాట్సాప్‌లో పంపుతున్నారు, అదే ఇది. ఆ చీటీలు చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, పాస్టరుకు వాటి మీద ఒక రకమైన ఆధారం ఏర్పడుతుంది. నన్ను అడిగేవాళ్ళు ఉన్నారు, నేను అవసరమైనవాణ్ణి అన్న ఆధారం. బయటికి అది పరిచర్యలాగే కనిపిస్తుంది, చాలావరకు పరిచర్యే కూడా.

అందుకే ఉత్తరాలు ఆగిపోవడం కథలో అంత పెద్ద దెబ్బ. ఎందుకు ఆగాయో సినిమా చెప్పదు, చెప్పకపోవడమే నాకు నచ్చింది. యాకోబు కుదుపు తింటాడు. చర్చిలో పెళ్ళి చేయించాలని గౌను వేసుకుని బయల్దేరుతాడు. అక్కడ పెళ్ళీ లేదు, జనమూ లేరు. ఈ భాగాన్ని కొందరు ముసలితనపు మతిమరుపుగా తీసేస్తారు. అంత తేలిగ్గా తీసేయకూడదనిపిస్తుంది నాకు. తనను ఎవరూ పిలవని రోజు వచ్చేసరికి ఎవరో పిలిచినట్టు ఆయన మనసే కల్పించుకుంది. లెయిలా ఆ ఖాళీ బల్లల సంగతి ఆయనతో చెప్పేసి వెళ్ళిపోతుంది. ఆయన బలిపీఠం ముందు నేల మీద పడుకుంటాడు.

విశ్వాసం ఓడిపోయిందా అని మీరు అడిగింది ఈ సీను చూసే అయి ఉంటుంది. ఆయన ఇంటికి తిరిగొచ్చాక లెయిలాతో అన్న మాటలు మళ్ళీ ఒకసారి వినండి. ఇన్నాళ్ళూ ఇదంతా దేవుడి కోసం చేస్తున్నానని అనుకున్నాను, బహుశా ఇది నా కోసమే జరిగిందేమో, ఈ ఉత్తరాలతో దేవుడు నన్నే పట్టుకుని ఉంచాడేమో అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. ఓడిపోయినవాడి నోటి నుంచి ఇలాంటి మాట రాదు. ఆయన విశ్వాసం నుంచి ఒక్కటే రాలిపోయింది, నేను ఇచ్చేవాణ్ణి అన్న లెక్క. ముసలితనంలో, కళ్ళు లేకుండా, ఎవరికీ అక్కర్లేని ఇంట్లో అది రాలిపోవడం ఎంత బాధో ఊహించుకోండి. రిటైరైన పాస్టర్లను అడిగితే చెబుతారు. ఆదివారం ఉదయం ఎవరూ తలుపు కొట్టని ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో సెమినరీలో నేర్పరు.

అదే సమయంలో లెయిలా ఏమైంది? టాక్సీ పిలిపించుకుని ఎక్కి కూర్చుంది. ఎక్కడికి వెళ్ళాలని డ్రైవరు అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. నాకు ఈ సినిమాలో ఒళ్ళు జలదరించే సీను ఇదే. పండక్కి క్యారల్స్ పాడటానికి, మామూలు రోజుల్లో వాక్యం చెప్పడానికి జైళ్ళకు వెళ్ళినప్పుడు శిక్ష పూర్తి కావచ్చిన జీవిత ఖైదీలతో మాట్లాడేవాణ్ణి. విడుదల దగ్గరపడిన మనిషి సంబరంగా ఉంటాడని బయటివాళ్ళు అనుకుంటారు. చాలామందికి నిద్ర పట్టదు. అమ్మా నాన్నా పోయి ఉంటారు, పొలం అన్నదమ్ముల చేతుల్లో ఉంటుంది, చనిపోయినవాడి కుటుంబం అదే వీధిలో ఉంటుంది. ఏ బస్సెక్కాలి అన్నదే వాళ్ళకు పెద్ద ప్రశ్న. రాష్ట్రం క్షమించింది, కాగితం చేతికొచ్చింది, కానీ వెళ్ళడానికి ఒక గడప లేదు. హారో ఈ విషయాన్ని ఒక్క ప్రశ్నతో, ఒక్క మౌనంతో చూపించారు. ఆ తర్వాత లెయిలా ఉరి వేసుకోబోవడం సినిమా కోసం అతికించిన మలుపు కాదు. ఆ టాక్సీలోనే అది మొదలైంది.

ఇప్పుడు ఒప్పుకోలు సీను. మిగతా అన్నిటికంటే దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

ఉత్తరాలు రావడం లేదు, ఆయన కృశించిపోతున్నాడు. లెయిలా పోస్టుమాన్‌ను ఆపుతుంది. ఉత్తరం లేకపోయినా ఉన్నట్టే కేకేయిస్తుంది. యాకోబు ఎదురుగా కూర్చుని ఉత్తరం చదువుతున్నట్టు నటించడం మొదలుపెడుతుంది. ఆ ఇంటికి వచ్చాక ఆమె ఇంకొక మనిషి కోసం చేసిన మొదటి పని ఇది, అదీ ఒక అబద్ధం. ఆ అబద్ధం చెప్పుకుంటూ పోతుండగా, గొంతు ఎక్కడో మారుతుంది. ఉత్తరంలో ఒక చిన్నపిల్ల వస్తుంది. కొట్టే తల్లి వస్తుంది. ఆ దెబ్బలకు అడ్డం పడి తాను తిన్న అక్క వస్తుంది. ఆ అక్క పెద్దయి పెళ్ళి చేసుకుంటే, ఆమె భర్తా కొట్టేవాడే. అప్పుడు చెల్లెలు అడ్డం వెళ్ళింది, అతన్ని చంపేసింది. రాసినది లెయిలాయేనా అని యాకోబు అడుగుతాడు.

బైబిలు చదివినవాళ్ళకు ఇక్కడ ఆదికాండం 27వ అధ్యాయం గుర్తుకు రావాలి. అక్కడ కళ్ళు కనబడని ముసలి తండ్రి ఇస్సాకు దగ్గరికి కొడుకు యాకోబు తన అన్నలా నటిస్తూ వచ్చి ఆశీర్వాదం తీసుకుపోయాడు. గొంతు విని ముసలాయనకు అనుమానం వచ్చింది గానీ మోసపోయాడు. ఈ సినిమాలో కళ్ళు లేనివాడే యాకోబు. ఎదుట కూర్చున్న మనిషి వేరే ఎవరో రాసినట్టు నటిస్తోంది. ఈయన మాత్రం గొంతును గుర్తుపట్టాడు. దర్శకుడు దీన్ని ఉద్దేశించే చేశారని నేను అనను. కానీ ఆ పేరు పెట్టాక, ఆ గుడ్డితనం పెట్టాక, మనకు ఆ ఇస్సాకు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

జైల్లో నేను విన్న నిజమైన ఒప్పుకోళ్ళు ఎక్కువగా ఇలాగే ఉండేవి. మైకు ముందు చెప్పేది వేరు, దానికి ఒక నడక ఉంటుంది, హల్లెలూయాలు ఎక్కడ పడాలో కూడా చెప్పేవాడికి తెలుసు. ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం ‘మా ఊళ్ళో ఒకడుండేవాడయ్యగారూ’ అని మొదలవుతుంది. ఆ ఒకడు ఎవరో ఇద్దరికీ తెలుసు. తొందరపడి పేరు అడిగితే కథ ఆగిపోతుంది. యాకోబు ఎంత ఓపిగ్గా విన్నాడో చూడండి. మధ్యలో వచనం ఎత్తలేదు, బుద్ధి చెప్పలేదు. పరిచర్యలో కొత్తగా దిగేవాళ్ళకు ఆ సీను ఒక్కటీ చూపిస్తే చాలని నేను చాలాసార్లు అనుకున్నాను.

లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి ప్రకారం ఒప్పుకోలుకు రెండు భాగాలున్నాయి. మన పాపాన్ని ఒప్పుకోవడం మొదటిది. విన్నవాడి నోటి నుంచి వచ్చే క్షమాపణను దేవుడే పలికినట్టు అందుకోవడం రెండోది. లెయిలా మొదటి భాగాన్ని ఉత్తరం రూపంలో చేసింది. రెండో భాగాన్ని యాకోబు ఎలా చేశాడు? ఆరాధన క్రమంలో ఉండే క్షమాపణ వాక్యం చదవలేదు. లోపలికి వెళ్ళి ఉత్తరాల కట్ట ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అవి లెయిలా అక్క రాసినవి. చెల్లెలి కోసం ప్రార్థించమని, ఆమె ఎలా ఉందో తెలుసుకోమని ఏళ్ళ తరబడి రాసుకున్నవి. లెయిలా పనికిమాలినవని పారేసిన రకం ఉత్తరాలే ఆమెను జైలు నుంచి బయటికి తెచ్చాయి.

ఆ అక్క స్థానంలో ఉండి ఆలోచించండి. చనిపోయింది ఆమె భర్త. కొట్టేవాడే కావచ్చు, అయినా భర్త. చంపింది ప్రాణంగా పెంచుకున్న చెల్లెలు. ఆ సంసారం అలా ముగిసినందుకు ఆమె ఎంత ఏడ్చి ఉంటుంది, ఊళ్ళో ఎన్ని మాటలు పడి ఉంటుంది! హక్కున్న మనిషి క్షమించడం అంటే ఇదీ. మూడో మనిషి క్షమించేశానంటే తేలిపోతుంది, నష్టపోయిన మనిషి అంటేనే దానికి బరువు. సినిమా ప్రేమ గురించి అన్నారు కదా, ఆ ప్రేమ ఎక్కువగా ఈ అక్కది. తెర మీద ఆమె పాత్ర ఎంత కొంచెమో, కథను నడిపించింది అంత ఎక్కువ. చిన్నప్పుడు దెబ్బలకు అడ్డం పడ్డ మనిషి, పెద్దయ్యాక కూడా చెల్లెలి కోసం అడ్డం పడుతూనే ఉంది, ఈసారి ఉత్తరాలతో.

లెయిలా దేవుణ్ణి క్షమించమని అడగలేదన్న మీ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. అది నిజమే. ఆ తర్వాత ఆమె చర్చికి వెళ్ళిందో లేదో, ఎప్పుడైనా ప్రార్థన చేసిందో లేదో సినిమా చెప్పదు. నా ఉద్దేశంలో చెప్పకపోవడమే నిజాయితీ. ఆ సీను పెట్టి ఉంటే మనకు తృప్తిగా ఉండేది, కానీ క్షమాపణ అంతా ఆమె ప్రార్థనకు వచ్చిన ప్రతిఫలంలా మారిపోయేది. మొదటి సీను నుంచి కట్టుకుంటూ వచ్చినదంతా కూలిపోయేది.

అంతా బయటపడగానే యాకోబు చనిపోవడం మరీ సౌకర్యంగా లేదా అని కొందరు అడుగుతారు. కొంచెం ఉంది, ఒప్పుకుంటాను. సినిమాలో నాకు కాస్త అతికినట్టు అనిపించే చోటు అదొక్కటే. అయితే ఆయన బతికి ఉంటే లెయిలా ఆ ఇంట్లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. పాదిరిగారి మంచితనం నీడలో బతకడం, అక్క గుమ్మం తొక్కడం కంటే సులువు. ఆయన వెళ్ళిపోయాడు కాబట్టి ఆమె చేతిలో మిగిలింది కవరు మీద ఉన్న అక్క చిరునామా ఒక్కటే. టాక్సీ డ్రైవరు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబుంది.

నటన గురించి ఒక మాట. కారీనా హజార్డ్ ఫిన్లాండ్‌లో పత్రికా రచయిత్రిగా కూడా పేరున్న మనిషి. ఈ పాత్రలో ఆమె ముఖం చాలాసేపు ఏమీ చెప్పదు. బరువైన ఒళ్ళు, బరువైన అడుగులు, ఎవరి సాయమూ వద్దన్నట్టు నిలబడే తీరు. అందువల్లే ఉత్తరం చదువుతున్నప్పుడు గొంతు కొంచెం తడబడితే చాలు, మనకు గుండె పట్టేస్తుంది. నౌసియాయినెన్ కళ్ళు లేనివాడిగా తడుముకోవడాన్ని ఎక్కడా అతిగా చేయలేదు. సినిమా మెల్లగా నడుస్తుందని ఫిర్యాదు చేసేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, ఫోను పక్క గదిలో పెట్టి చూడండి. ఆ ఇంట్లో వాన చుక్కలు పడే శబ్దం, కాగితం చప్పుడు, టీ కప్పు చప్పుడు, ఇవన్నీ వినబడితేనే ఉత్తరాలు లేని రోజుల నిశ్శబ్దం మనకు తెలుస్తుంది.

యువతకు చూపించే సంగతి. చూపించండి, కానీ చిన్నపిల్లలకు వద్దు. ఉరి వేసుకోబోయే సీను ఉంది. పిల్లల్ని కొట్టడం, భర్త కొట్టడం మాటల్లో వస్తాయి. మీ గుంపులో అలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తప్పకుండా ఒకరిద్దరు ఉంటారు, బయటికి చెప్పరు. కాబట్టి ఎవరికైనా విడిగా మాట్లాడాలని ఉంటే ఫలానా అమ్మగారు, ఫలానా అయ్యగారు ఆగి ఉంటారని ముందే ప్రకటించండి. హింస పడుతున్నవాళ్ళకు క్షమించమని సలహా ఇచ్చే సందర్భంగా దీన్ని ఎవరినీ వాడనివ్వకండి. సినిమా ఎక్కడా ఆ మాట అనలేదు, ఆ అక్క కూడా కొట్టేవాణ్ణి భరించమని ఎవరికీ చెప్పలేదు. సినిమా అయ్యాక వెంటనే ప్రసంగం పెట్టకండి. మొదటి సీను మళ్ళీ ఒకసారి వేసి, ఈమెకు క్షమాభిక్ష ఎవరు అడిగి ఉంటారు అని పిల్లల్నే అడగండి. మొదటిసారి చూసినప్పుడు దాటిపోయినవి చాలా ఆ నాలుగు నిమిషాల్లో వాళ్ళకే దొరుకుతాయి. మా దగ్గర అలా చేసినప్పుడు మాటలు రాత్రి భోజనాల వేళ దాకా సాగాయి.